స్టార్ట్ నొక్కేలోపు

*పాత వీడియో గేములు మళ్లీ ఇళ్లకు వస్తున్నాయి. వేలెడంత పరికరంలో వేల ఆటలు. కానీ ఆట దాకా వెళ్లాలంటే ముందు మెనూని దాటాలి. ఆ మెనూ ఎవరిని మనసులో పెట్టుకుని తయారైంది?*

నరసన్నపేటలో ఓ ఆదివారం మధ్యాహ్నం. భోజనాలు ముగిశాయి. నలభై దాటిన తండ్రి, పన్నెండేళ్ల కొడుకు టీవీ ముందు చేరారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన గేమ్ స్టిక్ టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులోకి వెళ్లింది. పెట్టె మీద పదివేల ఆటలని రాసుంది. తండ్రికి కావాల్సింది ఒక్కటే, కాంట్రా. తెర మీద ఇంగ్లిష్ అక్షర క్రమంలో జాబితా మొదలైంది. బాణం బటన్ నొక్కి పడితే పేర్లు పరుగెడుతున్నాయి, వదిలేసరికి కావాల్సింది దాటిపోతోంది. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. చివరికి కాంట్రా దొరికింది, అదీ ఒకటి కాదు, అయిదు. పేరు పక్కన ఒకదానికి ‘జె’, ఒకదానికి ‘యు’, ఇంకోదానికి ఆశ్చర్యార్థకం గుర్తు. ఏదో ఒకటి నొక్కాడు. ఆట వచ్చింది. తుపాకీ పట్టిన వీరుడు అడ్డంగా ఉబ్బిపోయి ఉన్నాడు. ‘‘ఏట్రా, మనిషి ఇలగున్నాడు?’’ గెంతుదామని నొక్కితే తూటా వెళ్లింది. కాల్చుదామంటే గెంతాడు. కాసేపు ఆపుదామని రెండు బటన్లు కలిపి నొక్కితే ఆటే మాయమై, జాబితా మళ్లీ మొదటి పేరు దగ్గర నిలబడింది. ‘‘నాన్నా, ఇది పాడైపోనాదేటి?’’ అన్నాడు గుంటడు. పాడవలేదు. లోపలున్న ఎమ్యులేటర్, అంటే పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్, తన పని తాను పొల్లుపోకుండా చేస్తూనే ఉంది.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటా కాదు, ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నదాన్ని ఒకచోట పేర్చిన బొమ్మ. ఒకప్పుడు కంప్యూటర్ తెలిసినవాళ్ల సరదాగా ఉన్న ఎమ్యులేటర్లు గత కొన్నేళ్లలో బజారులో పడ్డాయి. చవక గేమ్ స్టిక్‌లు, అరచేతిలో పట్టే చైనా కన్సోళ్లు ఆన్‌లైన్ దుకాణాల్లో బొమ్మల పక్కనే దొరుకుతున్నాయి. 2024 ఏప్రిల్‌లో యాపిల్ తన నిబంధనలు మార్చి యాప్ స్టోర్‌లోకి పాత గేముల ఎమ్యులేటర్లను అనుమతించింది. ఆ నెల 17న రైలీ టెస్టట్ తయారుచేసిన డెల్టా వచ్చింది, వెనువెంటనే ఎక్కువ మంది దించుకునే యాప్‌ల వరసలో చేరింది. పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో నడిపించడమనే కష్టమైన లెక్కను ఇంజినీర్లు చాలా మటుకు తేల్చేశారు. తేలనిది ఆ యంత్రానికీ మనిషికీ మధ్య ఉండే తెర. మంచి ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటన్న ప్రశ్నకు సాధారణంగా అందమైన బొమ్మలు, మెత్తగా జరిగే మెనూలు, బోలెడు సెట్టింగులు అనే జవాబులు వస్తుంటాయి. ఈ కథనం చెప్పేది వేరు. ఎమ్యులేటర్ ఇంటర్‌ఫేస్ మంచి చెడ్డలు తేలేది వాడేవాడు ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, అంటే అది ముందుగా ఏం నిర్ణయించి పెట్టిందన్న దగ్గరే. మనవాళ్ల విషయంలో ఆ నిర్ణయాలు చాలావరకు వేరే ఊరి పిల్లల బాల్యాన్ని చూసి తీసుకున్నవి.

రెండు బటన్ల మెనూ

జపాన్ కంపెనీ నింటెండో 1983 జులైలో ఫ్యామికామ్ అనే కన్సోల్‌ను విడుదల చేసింది. మన ఊళ్లకు చేరింది అది కాదు, దాని నకళ్లు. తైవాన్, చైనాల్లో తయారైన ఆ నకళ్లే తొంభైల్లో, ఆ తర్వాతా టెర్మినేటర్ లాంటి పేర్లతో మన పట్టణాల ఎలక్ట్రానిక్ దుకాణాల్లో అమ్ముడయ్యాయి. వాటిని ఎవరూ కన్సోల్ అనలేదు, ‘వీడియో గేమ్’ అంతే. దాంతోపాటు ఒక క్యాసెట్. దాని మీద ‘9999999 ఇన్ 1’ అని పచ్చి అబద్ధం. తీరా చూస్తే ఉన్నవి పట్టుమని పదో ఇరవయ్యో, మిగతావన్నీ అవే ఆటలు వేరే పేర్లతో, వేరే లెవెల్ నుంచి.

ఆ అబద్ధపు క్యాసెట్‌ను కాస్త గౌరవంగా చూడాలి. మన పిల్లల్లో చాలామంది జీవితంలో మొట్టమొదట వాడిన డిజిటల్ మెనూ అదే. మొబైల్ కంటే ముందు, ఏటీఎం కంటే ముందు. తెర మీద అంకెలు వేసిన వరసలు, పక్కన ఒక బాణం. పైకి కిందికి జరపడం, స్టార్ట్ నొక్కడం. విసుగొస్తే యంత్రం మీదున్న రీసెట్, మళ్లీ జాబితా. మొత్తం ఇంటర్‌ఫేస్ అంతే. ఇంగ్లిష్ చదవడం రాని పిల్లలకు కూడా అది అడ్డం కాలేదు. మూడో వరసలో ఏముందో, రెండో పేజీలో ఎక్కడ మారియో ఉన్నాడో చోటును బట్టి గుర్తుపెట్టుకున్నారు. జాబితా ఎప్పుడూ మారేది కాదు గనక ఆ గుర్తు ఎప్పుడూ తప్పేది కాదు. ఇవాళ్టి గేమ్ స్టిక్ మెనూ దీనికంటే వెయ్యి రెట్లు పెద్దది. రంగులు ఎక్కువ, సంగీతం ఎక్కువ. కానీ ఆటలోంచి బయటికి రాగానే ఇంతకుముందు ఎక్కడున్నామో మరిచిపోయే జాబితా, ఎప్పుడూ ఒకే చోట ఉండే జాబితా కంటే వెనకబడ్డదే.

> మొదటి రోజులు
> 1997 ఎమ్యులేటర్లు మలుపు తిరిగిన ఏడు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ఆ ఫిబ్రవరిలో మేమ్ మొదటి రూపాన్ని విడుదల చేశాడు. వీడియో గేమ్ పార్లర్ల యంత్రాలను కంప్యూటర్లో నడిపించే ప్రాజెక్టు అది. ఏప్రిల్‌లో నింటెండో ఆటల కోసం నెస్టికిల్ వచ్చింది. అందులో మౌస్ గుర్తు నెత్తురోడే తెగిన చెయ్యి! అదే కాలపు ఇంకో ఎమ్యులేటర్ జెడ్‌స్నెస్ మెనూ మీద మంచు కురిసేది. ఇంటర్‌ఫేస్ అంటే తయారుచేసినవాడి చిలిపితనం అనుకున్న రోజులవి. ఇబ్బంది పెట్టినా ముచ్చటగానే ఉండేవి.

యంత్రం ఎప్పుడో తేల్చేసినవి

పాత వీడియో గేమ్‌కు సెట్టింగులు లేవు. దానర్థం నిర్ణయాలు లేవని కాదు, అన్నీ వస్తువులోనే బిగించి ఉన్నాయని. బొమ్మ ఎంత వెడల్పన్నది టీవీ తేల్చేది, అడ్డం నాలుగు పాళ్లు, నిలువు మూడు పాళ్లు. ఆట వేగాన్ని చిప్పు తేల్చేది. ఏ బటన్ ఎక్కడన్నది ప్లాస్టిక్ అచ్చు తేల్చేది. ఎమ్యులేటర్ వచ్చి ఈ గట్టి వస్తువులన్నిటినీ కరిగించి సెట్టింగులుగా మార్చేసింది. ఇప్పుడు ప్రతి ఒక్కటీ మళ్లీ ఎవరో ఒకరు తేల్చాలి. ఇంటర్‌ఫేస్ తేల్చకపోతే ఆ బరువు ఆడేవాడి మీద పడుతుంది. అతనికేమో అక్కడ తేల్చాల్సిన విషయం ఒకటుందని కూడా తెలియదు.

ఉబ్బిపోయిన వీరుడి సంగతి చూడండి. ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది పాళ్లు. పాత బొమ్మను అంచుల దాకా సాగదీస్తే ప్రతి మనిషీ, ప్రతి చక్రమూ మూడో వంతు లావెక్కుతుంది. అటూ ఇటూ నల్ల పట్టీలు వదిలితే సరిపోయే విషయమిది. చవక స్టిక్‌లు అమ్మేవాళ్లు మాత్రం సాగదీసే పంపిస్తారు. నల్ల పట్టీ కనిపిస్తే ‘టీవీ నిండా రావట్లేదు’ అని సరుకు వాపసు పంపేస్తారన్న భయం కాబోలు. అసలు ఆ కాలపు బొమ్మలు గీసినవాళ్లు పాత టీవీ గాజు తెర మసకను కూడా లెక్కలోకి తీసుకునేవారు. సెగా మెగా డ్రైవ్ మీద సోనిక్ ఆటలో జలపాతం నిజానికి సన్నటి నిలువు గీతలు. పాత టీవీ కేబుల్ ఆ గీతలను కలిపేసి నీటి తెరలా చూపించేది. ఇప్పటి తెర మీద అవి గీతలుగానే కనిపిస్తాయి. పాత టీవీ మసకను తిరిగి తెచ్చే ఫిల్టర్లు మంచి ఎమ్యులేటర్లలో డజన్ల కొద్దీ ఉన్నాయి. డజన్ల కొద్దీ ఉండటమే చిక్కు. ఒక్క మంచిదాన్ని ఎంచి ముందుకు తోసేవి తక్కువ.

బొటనవేలి కింద జరిగేది

బటన్ల విషయం ఇంకా లోతైనది, ఎందుకంటే ఇక్కడ జ్ఞాపకం తలలో ఉండదు, చేతిలో ఉంటుంది. సూపర్ మారియోలో పరుగెత్తుతూ గెంతాలంటే ఏం చేసేవాళ్లో గమనించండి. ఎడమవైపు బి బటన్‌ను కుడి బొటనవేలి కొసతో నొక్కే ఉంచి, అదే వేలిని కొంచెం వాల్చి, కణుపు దగ్గరి కండతో పక్కనున్న ఎ బటన్‌ను నొక్కాలి. ఒకే వేలు, రెండు పనులు. పెద్ద గోతిని దాటాలంటే ఇదొక్కటే దారి. ఇప్పుడు ఇదే ఆటను మొబైల్ తెర మీద ఆడండి. గాజు మీద గీసిన రెండు గుండ్రాలకు అంచు తగలదు, వాల్చిన వేలిని ఫోన్ ఒకే స్పర్శగా లెక్కిస్తుంది. మారియో గోతిలో పడతాడు. ఆడేవాడు తన చేతులు మొద్దుబారాయనుకుంటాడు. దీనికి మందు చిన్నదే. రెండు గుండ్రాల మధ్యనున్న ఖాళీని తాకితే రెండూ నొక్కినట్టు లెక్కించడం. ఈ ఏర్పాటు చేసిన ఎమ్యులేటర్‌లో ఆట చేతికి వస్తుంది. దాన్ని తయారుచేసినవాడు నిజంగా ఆ ఆట ఆడాడన్న సంగతి కూడా ఈ చిన్న ఖాళీలో తెలిసిపోతుంది.

స్టిక్‌తో వచ్చే ప్యాడ్‌కు నాలుగు బటన్లు. అక్కడ ఇంకో చిక్కు. నింటెండో పద్ధతిలో ఎ కుడివైపు, బి దానికి ఎడమవైపు. ఎక్స్‌బాక్స్ పద్ధతిలో ఎ కింద, బి కుడివైపు. బటన్ మీది అక్షరాన్ని నమ్మి ‘ఎ అంటే ఎ’ అని కలిపేస్తే పాత చేతికి అంతా తారుమారు. కాంట్రా టైటిల్ తెర మీద ముప్ఫై ప్రాణాలు తెచ్చే కొనామీ కోడ్‌ను గుర్తు చేసుకోండి. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి, ఎడమ కుడి, ఆపైన బి, ఎ. చాలామంది ఆ చివరి రెండిటినీ అక్షరాలుగా గుర్తుపెట్టుకోలేదు, ‘ఇటుది, అటుది’ అని వేలితో గుర్తుపెట్టుకున్నారు. అక్షరాన్ని నమ్మిన ఎమ్యులేటర్‌లో ఆ వేలు ఎ, బి అని కొడుతుంది. కోడ్ పనిచేయదు, మూడు ప్రాణాలే మిగులుతాయి. రెట్రోఆర్చ్ లాంటి పెద్ద ప్రాజెక్టులు అక్షరాన్ని వదిలి చోటును బట్టి బటన్లు కలుపుతాయి, అదే సరైనది. పైగా మన నకలు ప్యాడ్‌ల మీద ఎ, బిలకు పైన ఇంకో రెండు బటన్లుండేవి, టర్బోలు. నొక్కి పట్టుకుంటే తూటాల వర్షం. అసలు ఫ్యామికామ్‌తో వచ్చే ప్యాడ్ మీద అవి లేవు. అందుకే అసలు యంత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించే ఎమ్యులేటర్‌లో టర్బో ఎక్కడో నాలుగు మెనూల కింద ఉంటుంది. ఇక్కడి ఆటగాడికి అది అదనపు హంగు కాదు, ఆటలో భాగం.

డెబ్బై రెండు సెకన్ల నిమిషం

అన్నిటికంటే విచిత్రమైనది వేగం. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మను గీసేవి. మన దూరదర్శన్ కాలపు టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50. ఈ 50కి సరిపడేలా తైవాన్ కంపెనీ యూఎంసీ ప్రత్యేకంగా చిప్పులు చేసింది. పాల్ దేశాలకు వెళ్లిన నకలు యంత్రాలు వాటి మీదే నడిచాయి. పాత ఆటల్లో లెక్కంతా బొమ్మ గీసిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకేసే పద్ధతిలో ఉంటుంది. కాబట్టి 50 దగ్గర ఆట ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది. అమెరికా పిల్లాడికి ఒక నిమిషంలో అయ్యేది అలాంటి యంత్రం మీద 72 సెకన్లు పడుతుంది. పాట శ్రుతి దాదాపు అలాగే ఉంటుంది, తాళం మాత్రం నెమ్మదిస్తుంది. ఇప్పటి ఎమ్యులేటర్లు ముందుగా 60కే పెట్టి ఉంటాయి. ఇన్నేళ్ల తర్వాత మారియో మొదలుపెట్టినవాడికి పుట్టగొడుగుల్లాంటి శత్రువులు తరుముకొస్తున్నట్టు అనిపిస్తే, వయసు మీద పడిందని బెంగ అక్కర్లేదు. నిజంగానే ఆట వేగం పెరిగింది.

ఈ తేడా ఎమ్యులేటర్లకు తెలుసు. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్, నెస్టోపియా మూడింటిలోనూ ఆ చిప్పుల వేగానికి విడిగా ఒక అమరిక ఉంది. దాని పేరు డెండీ. 1992 చివర్లో రష్యాలో స్టీప్లర్ కంపెనీ అమ్మిన నకలు కన్సోల్ పేరది. రష్యన్ల జ్ఞాపకం అలా మెనూలోకి ఎక్కింది. మన పిల్లలు ఆడిన వేగం కూడా అక్కడే ఉంది, కానీ డెండీ అన్న పేరు చూసి అది తనదేనని నరసన్నపేటలో ఎవరు పోల్చుకుంటారు? ‘ఆట మరీ వేగంగా ఉందా? పాత టీవీ వేగం కావాలా?’ అని మామూలు మాటల్లో అడిగే ఒక్క వాక్యం ఆ అమరిక పక్కన లేదు.

> బాతులూ తుపాకీ
> డక్ హంట్ ఆటలో ప్లాస్టిక్ తుపాకీ ఇప్పటి టీవీల మీద పేలదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీలోని కన్ను పట్టుకోవాలి. ఈ లెక్క గాజు తెర టీవీల వేగానికి కట్టినది, ఎల్‌సీడీ ఆలస్యంతో కుదరదు. ఎమ్యులేటర్‌లో మౌస్‌తో గురిపెట్టొచ్చు, ఫోన్ మీదైతే బాతును వేలితో తాకితే చాలు. పాత యంత్రాన్ని అనుకరించడం కంటే దాటిపోవడం మేలైన అరుదైన సందర్భం.

ముస్తఫా ఎక్కడున్నాడు?

ఇళ్లలో కాంట్రా అయితే, బస్టాండు దగ్గరి వీడియో గేమ్ పార్లర్లలో ముస్తఫా. దేశమంతా అదే పేరు. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అందులో నలుగురు వీరుల్లో ఒకడి పేరు ముస్తఫా కైరో. మనవాళ్లు ఆటకే అతని పేరు పెట్టేశారు. మేమ్‌లో ఈ ఆట ఫైలు పేరు ‘డైనో’. ముస్తఫా కోసం వెతికేవాడు డైనో అని కొట్టాలని ఎలా ఊహిస్తాడు? బ్యాటిల్ సిటీ మనకు ట్యాంకుల ఆట, రోడ్ ఫైటర్ కార్ల ఆట. ఐరోపాలో కాంట్రానే మనుషుల బదులు రోబోలను పెట్టి ప్రొబోటెక్టర్‌గా అమ్మారు. పేర్లు దేశాన్ని బట్టి మారతాయని ఎమ్యులేటర్ ప్రపంచానికి బాగా తెలుసు, అందుకే ఫైలు పేరు పక్కన దేశం పేరు రాస్తుంది. ఆశ్చర్యార్థకం గుర్తుకు ఒక పాత పద్ధతిలో ‘సరిచూసిన ప్రతి’ అని అర్థం. ఇదంతా ఆటలను భద్రపరిచేవాళ్ల గుర్తుల భాష. గ్రంథాలయంలో పుస్తకం వీపు మీద అంకె వేస్తారు, అవసరమే. ఆ అంకె చెబితేనే పుస్తకం ఇస్తామంటేనే తంటా.

ఇక్కడ నరసన్నపేట బట్టల దుకాణం నుంచి ఎమ్యులేటర్లు నేర్చుకోవాల్సింది ఉంది. గుమాస్తా బీరువాలోని చీరలన్నీ గుమ్మరించడు. ఎవరికి, ఏ సందర్భానికి, ఎంతలో అని అడిగి మూడు విప్పుతాడు. అవి నచ్చకపోతేనే మిగతావి. అయిదు కాంట్రాలను ఒకటిగా చూపించి, లోపల మంచి ప్రతిని తెరిచి, మిగతా నాలుగు కావాలన్నవాడికి ఒక్క నొక్కుడు దూరంలో ఉంచడం కష్టమైన పనేమీ కాదు. కొన్ని చేస్తున్నాయి కూడా. వాడుక పేరుతో వెతికినా దొరకాలన్నది దాని తర్వాతి మెట్టు.

కరెంటు పోతే

పాత వీడియో గేమ్‌కు పెద్ద శత్రువు ఆట చివర్లో వచ్చే రాక్షసుడు కాదు, విద్యుత్ కోత. ఆరో స్టేజీలో కరెంటు పోతే ఆరు స్టేజీలూ పోయినట్టే. నరసన్నపేట ఉన్నది తుపాన్ల దారిలోని జిల్లాలో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఇక్కడి ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి చోట ఎమ్యులేటర్ ఇచ్చిన అసలైన వరం సేవ్ స్టేట్. ఆటను ఏ క్షణంలోనైనా అలాగే గడ్డకట్టించి దాచుకోవచ్చు. కానీ ఈ వరం వెనక ఒక ఉచ్చు ఉంది. కొన్ని ఆటలకు వాటి సొంత సేవ్ ఉంటుంది, క్యాసెట్‌లోని చిన్న బ్యాటరీతో నడిచేది. ఎమ్యులేటర్ సేవ్ వేరు. నెల కిందటి ఎమ్యులేటర్ సేవ్‌ను పొరపాటున తెరిస్తే, నిన్నటిదాకా ఆటలో దాచుకున్నదంతా నెల వెనక్కి పోతుంది. రెండిటినీ పక్కపక్కనే ఒకే మాటతో చూపించి, హెచ్చరిక లేకుండా వదిలేసే మెనూలు ఉన్నాయి.

దీన్ని సరిగ్గా చేసినదానికి ఉదాహరణ ఆండ్రాయిడ్ మీద లెమురాయిడ్. ఆటలోంచి బయటికి వస్తే తనే దాస్తుంది, మళ్లీ తెరిస్తే అక్కడే మొదలవుతుంది. అడగదు, ప్రశ్నల పెట్టె చూపించదు. రెట్రోఆర్చ్‌లో దీనికంటే ఎక్కువ సాధ్యం, పొరపాటున తెరిచిన సేవ్‌ను వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది. అది గొప్ప ఏర్పాటే. తెలియనివాడికి లేనట్టే. అసలు విషయమేమిటంటే ఈ రెండిట్లోనూ ఆటలను నడిపించే లోపలి భాగాలు ఒకటే, లిబ్రెట్రో అనే ఉమ్మడి పద్ధతిలో రాసినవి. ఇంజిన్ ఒకటే అయినప్పుడు అనుభవంలో ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు ముందుగా తీసుకున్న నిర్ణయాలే.

నిపుణుల అభ్యంతరాలు

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్లలో గట్టివాళ్లే ఎక్కువ. మొదటిది స్వేచ్ఛ. రెట్రోఆర్చ్ డజన్ల కొద్దీ యంత్రాలను ఒకే గూటిలో నడుపుతుంది, సెట్టింగులు లేకుండా అది ఎలా కుదురుతుందని అడుగుతారు. కుదరదు, నిజమే. ఇక్కడ అభ్యంతరం సెట్టింగులు ఉండటం మీద కాదు, వాటి వరస మీద. రెట్రోఆర్చ్‌ను కొత్తగా తెరిచినవాడు ముందు ‘కోర్’ అనేదాన్ని దించుకోవాలి, తర్వాత ‘కంటెంట్’ తెరవాలి. ఆట ఆడదామని వచ్చినవాడికి ఈ రెండు మాటలూ ముఖం మీద తలుపులే. బటన్లు మార్చడానికి ఒకటి మొత్తానికి, ఒకటి ఆ ఆటకు మాత్రమే అని వేర్వేరు చోట్లున్నాయి. ఎందుకో వివరంగా చదివితే అర్థమవుతుంది, చదవకముందు ఒకచోట మార్చి రెండోచోట వెతుకుతారు. డెల్టాకు ఫైలు ఇస్తే అది ఏ యంత్రానిదో తనే పోల్చుకుంటుంది. దాని కింద కూడా క్లిష్టత ఉంది, ముందుకు రాదంతే.

రెండోది భద్రపరచడం. మేమ్ తన ఉద్దేశం పాత యంత్రాలు ఎలా పనిచేశాయో దాచిపెట్టడమేనని, ఆడుకోగలగడం దానితో వచ్చిన ఉపలాభమని చెప్పుకుంటుంది. గౌరవించాల్సిన మాట. అయితే ఆ మేమ్ కూడా 2016లో బొమ్మలు, వడపోతలతో కొత్త మెనూను తనలో కలుపుకుంది. ఇంకా గట్టి సాక్ష్యం బియూ అనే మారుపేరుతో రాసిన ప్రోగ్రామర్‌ది. సూపర్ నింటెండోను చిప్పు చిప్పుగా నిజాయితీగా అనుకరించాలన్న పట్టుదలతో బీస్నెస్‌ను, ఆపైన హిగన్‌ను తయారుచేశాడు. హిగన్‌లో ఆటను నేరుగా తెరవడం కుదిరేది కాదు, ముందు దాని పద్ధతిలో ఒక సంచీలోకి దించుకోవాలి. సిద్ధాంతపరంగా శుభ్రమైన ఆలోచన. వాడేవాళ్లు గొణిగారు. చివరికి అదే రచయిత బీస్నెస్‌ను తేలికైన మెనూతో మళ్లీ తెచ్చాడు. ఎంత కచ్చితంగా భద్రపరిచినా, తెరిచి చూసేవాడు లేకపోతే అది గోదాము అవుతుంది.

మూడో అభ్యంతరం కొంచెం కటువు. ఇవన్నీ ఉచితం, స్వచ్ఛందంగా చేసినవి, వంకలు పెట్టే హక్కు మీకెక్కడిదంటారు. డెల్టా ఉచితమే, లెమురాయిడ్ ఉచితమే, కాబట్టి ఉచితం చెడ్డ మెనూకు కారణం కాదు. వంక పెట్టాల్సింది వేరేవాళ్లకు. స్వచ్ఛంద కార్యకర్తల శ్రమను పెట్టెలో నింపి, సాగదీసిన బొమ్మతో, కలగాపులగం బటన్లతో డబ్బుకు అమ్మే స్టిక్ వ్యాపారులకు. స్నెస్9ఎక్స్ లాంటి ఎమ్యులేటర్ల లైసెన్సు వ్యాపారానికి వాడొద్దనే చెబుతుంది.

> కొనేముందు
> ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వేరు, ఆటల కాపీరైటు వేరు. సోనీ వేసిన దావాలో 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ ఎమ్యులేటర్ తయారీని తప్పుపట్టలేదు. కానీ వేల ఆటలను అనుమతి లేకుండా నింపి అమ్మడానికి ఆ తీర్పు అండ కాదు. పెట్టె మీది ఆటల సంఖ్యను చూసి మురిసిపోకండి. బొమ్మను 4:3లోకి మార్చే వీలుందా, బటన్లు మార్చుకోవచ్చా, ఆట మధ్యలో మెనూ ఎలా తెరవాలో కాగితం మీద ఉందా అన్నవి అడగండి. టీవీలో ‘గేమ్ మోడ్’ ఉంటే ఆన్ చేయండి, బటన్ నొక్కిన తర్వాత కలిగే ఆలస్యం తగ్గుతుంది.

తెలుగు ఎక్కడ ఆగింది

రెట్రోఆర్చ్ మెనూ భాషల్లో ఎస్పరాంటో ఉంది. స్పెయిన్‌లో ఒక మూల మాట్లాడే అస్టూరియన్ ఉంది. పీఎస్‌పీ కన్సోల్ ఆటల కోసం హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో మొదలుపెట్టిన పీపీఎస్‌ఎస్‌పీపీలో జావా ద్వీపపు భాష ఉంది. కోట్ల మంది మాట్లాడే తెలుగు రెండిట్లోనూ లేదు. తమాషా ఏమిటంటే ఆట తెర మీది జపనీస్ మాటలను అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు రెట్రోఆర్చ్‌లో ఉంది, ఆ భాషల జాబితాలో మాత్రం తెలుగు కనిపిస్తుంది. అంటే ఆటలోని మాటను తెలుగులో చూపించడానికి సిద్ధం, మెనూలో ‘బయటికి వెళ్లు’ అన్న మాటను చూపించడానికి మాత్రం సిద్ధం కాదు. కుట్ర ఏమీ లేదు, అడిగినవాళ్లు లేరు, చేసినవాళ్లు లేరు. ఇంకో అడ్డంకీ ఉంది. గేములాంటి ప్రోగ్రాములు చాలావరకు తెర మీద అక్షరాలను తామే గీసుకుంటాయి, ఒక అక్షరం పక్కన ఒకటి పేర్చుకుంటూ. ఇంగ్లిష్‌కు అది చాలు. గుణింతాలు, కింద ఒత్తులు ఉన్న లిపికి అక్షరాలను కలిపి రూపం కట్టే అదనపు భాగం కావాలి. అది లేకపోతే ‘స్టార్ట్’ అన్న మాట ముక్కలై పడుంటుంది.

ఇంగ్లిష్ మెనూ అయినా ఇప్పటి పిల్లలకు ఇబ్బందేముందని అడగొచ్చు. పేర్లు చదవడానికి ఇబ్బంది లేదు, నిజమే. కానీ ‘ఈ సేవ్ తెరిస్తే పాతది పోతుంది, సరేనా?’ లాంటి ప్రశ్నను పూర్తిగా అర్థం చేసుకుని జవాబిచ్చేది ఎంతమంది? ఆట మొత్తం ఆ ఒక్క జవాబు మీద నిలబడినప్పుడు, అది వాడేవాడి భాషలో ఉండటం సౌకర్యం కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది.

పని అసాధ్యమైనదేమీ కాదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చారు, దానితో పోలిస్తే ఎమ్యులేటర్ మెనూ చిన్నది. నరసన్నపేట చుట్టుపక్కలే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ ఉంది, టెక్కలిలో ఐతం ఉంది, రాజాంలో జీఎంఆర్‌ఐటీ ఉంది. ఏటా ప్రాజెక్టు పని కోసం అంశాలు వెతుక్కునే విద్యార్థులున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు మాటలు చూసుకుని, ఇంకో ఇద్దరు అక్షర రూపాల సంగతి చూసుకుంటే సరిపోతుంది. డెండీ పక్కన ‘పాత టీవీ వేగం’ అని రాయడం, డైనోను ముస్తఫా అని వెతికినా దొరికేలా చేయడం అదే చేత్తో చేయొచ్చు. పీపీఎస్‌ఎస్‌పీపీలో ఒక్కో భాషకు ఒక్కో టెక్స్ట్ ఫైలు, గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. రెట్రోఆర్చ్ అనువాదం క్రౌడిన్‌లో నడుస్తోంది. రెండు చోట్లా ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు.